మూలనపడ్డ సైకిల్ ఎక్కే ముందు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వేసవి చివరికి వచ్చేసరికి సావిళ్ల మూలల్లోంచి పాత సైకిళ్లు బయటికి వస్తాయి. బడులు తెరిచేలోగా పిల్లవాడికి ఒక సైకిల్ కావాలి. కొత్తది కొనడం కంటే తాతగారి నల్ల సైకిల్‌కు గాలి కొట్టించి ఇవ్వడం మేలనిపిస్తుంది. ఆ ఆలోచనలో తప్పు లేదు గాని, గాలి కొట్టి రాత్రంతా ఉంచినా టైరు దిగలేదు కనుక బండి సిద్ధమైందని తేల్చుకోవడం మాత్రం ప్రమాదం. గాలి పోతే సైకిల్ ఆగిపోతుంది, బ్రేకు పోతే ఆగదు. అందుచేత పని బ్రేకుల దగ్గర మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం.

అంతకంటే ముందు, బండిని ఎండలోకి తెచ్చి ఒక కర్రతో తట్టండి. సీటు కింది స్ప్రింగుల్లో తేలు, హ్యాండిల్ గొట్టంలో కందిరీగలు కాపురం పెట్టి ఉండవచ్చు. తుప్పు అంచులు చేతిని కోస్తాయి కనుక మందపాటి గుడ్డ చుట్టుకొని పట్టుకోవాలి. గీసుకుపోయి, ధనుర్వాతం సూది వేయించుకొని చాలా ఏళ్లయి ఉంటే వైద్యుణ్ణి అడగాలి.

మన పాత సైకిళ్లకు ఎక్కువగా రాడ్డు బ్రేకులే ఉంటాయి. బ్రేకు పట్టినప్పుడు రాడ్డు గుర్రపునాడా ఆకారంలోని కమ్మీని పైకి లాగగా, దాని రెండు కొసలనున్న రబ్బర్లు రిమ్ము లోపలి ముఖాన్ని అదుముతాయి. ఏళ్ల తరబడి వాడకుండా ఉన్న రబ్బరు చూడడానికి అరగనట్టే ఉంటుంది గాని, గోరు దిగనంతగా గట్టిపడి, రిమ్మును పట్టకుండా జారిపోతుంది. కాబట్టి అరుగుదల చూడకుండా రెండు చక్రాల రబ్బర్లు నాలుగూ మార్చేయాలి. ఆ ఖర్చు దగ్గర బేరం వద్దు. రబ్బరును పట్టుకునే గూళ్లలో కొన్నిటికి ఒక అంచు మూసి, ఇంకొకటి తెరిచి ఉంటుంది. ముందుకు తిరిగే చక్రం రబ్బరును ఏ దిక్కుకు ఈడుస్తుందో ఆ దిక్కున మూసిన అంచు ఉండాలి. తిరగేసి బిగిస్తే గట్టిగా బ్రేకు పట్టిన క్షణంలోనే రబ్బరు గూటిలోంచి జారి పడిపోతుంది. ఒకసారి నా సైకిల్‌కు ఒక మిస్త్రీ అలాగే బిగించి ఇచ్చాడు. చెరువుగట్టు దిగుతుండగా ఆ సంగతి తెలిసింది, కాళ్లు నేలకు ఆనించి ఆపుకోవలసి వచ్చింది. రాడ్లను కలిపే బిగింపుల్లో ఒక్కటి జారినా బ్రేకు పిడి ఊరికే హ్యాండిల్‌కు ఆనుతుంది కనుక, ప్రతి బోల్టునూ స్పానరుతో పట్టి చూడాలి. గొలుసుకు నూనె పోసేటప్పుడు ఒక్క చుక్క రిమ్ము మీద పడినా వెంటనే తుడిచేయండి.

ముందు చక్రాన్ని మోకాళ్ల నడుమ ఇరికించి హ్యాండిల్‌ను మెలితిప్పినప్పుడు చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే బిగింపు వదులైనట్టు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు పైభాగంలో రంగు చిట్లి సన్నని గీత కనిపిస్తే అది పగులు కావచ్చు. వెల్డింగ్‌తో సరిపెట్టకుండా ఫోర్కు మార్చాలి.

పెడల్ తొక్కినప్పుడు ప్రతి చుట్టుకూ టక్కుమంటే, పెడల్ కమ్మీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను వదులైందన్నమాట. దాన్ని నట్టుతో లాగి బిగించకూడదు. పిన్నును సుత్తితో కొట్టి దించాలి, నట్టు ఉన్నది ఆ తర్వాత దాన్ని నిలిపి ఉంచడానికే. ఎడమ పెడల్ మర ఎదురు దిశలో ఉంటుంది, ఈ సంగతి మరచి బలవంతంగా తిప్పినవాళ్లు మరలు అరగదీస్తారు. వెనక చక్రం మీద గొలుసు తిప్పే పళ్లచక్రం, అంటే ఫ్రీవీల్, లోపల తుప్పు పడితే పళ్లు ఒకసారి పట్టి ఒకసారి వదిలేస్తాయి. ఎత్తు ఎక్కుతూ నిలబడి తొక్కేవాడు ఆ వదిలిన క్షణంలో నడి రాడ్డు మీద పడతాడు. గొలుసును 12 అంగుళాల పొడవున కొలిచి, అది అంగుళంలో ఎనిమిదో వంతు సాగి ఉంటే మార్చడమే మంచిది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచినట్టు ఏదైనా వరదలో మునిగి తేలిన సైకిల్ అయితే పైపైన నూనె వేస్తే చాలదు. ఇరుసులూ, పెడళ్ల నడుమ గుండ్లుండే గొట్టమూ విప్పి, కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు పెట్టే పూర్తి ఓవరాయిలింగ్ చేయించాలి. కిరోసిన్ పని ఆరుబయట, పొయ్యికి దూరంగా జరగాలి.

టైర్ల సంగతి తేలిక: పక్కగోడలు బీటలు వారి లోపలి దారాలు కనిపిస్తే మార్చండి, స్పోకుల కొసలు ట్యూబును పొడవకుండా రిమ్ము పట్టీ వేయించండి, గాలి కొట్టే వాల్వు మీది సన్న రబ్బరు గొట్టం, అంటే వాల్ ట్యూబు, కొత్తది తొడిగించండి.

ఇవన్నీ అయ్యాక మొదటి సవారీ ఇంటి ముందరి చదును నేల మీదే, పెద్దవాళ్లే చేయాలి. రిమ్ములు ఎండి ఉండగా ఒకసారి, నీళ్లు చల్లి ఇంకొకసారి బ్రేకు పట్టి చూడండి. తడిసిన ఉక్కు రిమ్ము మీద బండి ఎంత దూరం పోయి ఆగుతుందో అప్పుడు తెలుస్తుంది, రథయాత్ర నాటికి వానలు పట్టుకుంటే రోజూ అదే దూరం. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటి పాతపట్నం పోవడానికి ఈ సైకిల్ సరిపోతుంది, ఆర్.ఉదయగిరి వైపు ఘాటీ (కొండదారి) దిగుడులో మాత్రం దిగి నడిపించుకు రమ్మని పిల్లవాడికి గట్టిగా చెప్పండి. రెండు మూడు రోజులు తొక్కాక కాటర్ పిన్నుల నట్లూ, బ్రేకు రాడ్ల బోల్టులూ మళ్లీ ఒకసారి బిగించాలి.