ఫొనెటిక్స్ ప్రాక్టికల్: చెవికో పరీక్ష, నోటికో పరీక్ష

తెలుగు పిల్లలకి ఐపీఏ (ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తుండే అంతర్జాతీయ ధ్వని లిపి) నేర్పేటప్పుడు మొదటి అడ్డంకి అక్షరమాలే. 'చీమ', 'చాప' చెప్పి రాయమనండి. రెంటికీ ఒకే గుర్తు వేసేవాళ్లే ఎక్కువ, రెండూ 'చ'యే కదా అని. నెమ్మదిగా పలికించండి. 'చీ'కి నాలుక ముందుభాగం వెడల్పుగా చిగుళ్ల వెనక ఆనుతుంది. 'చా'కి మొన మాత్రమే పళ్లకు దగ్గరగా ఆని 'త్సా'లా వినబడుతుంది. 'చక్రం' లాంటి సంస్కృత పదం ఇక్కడ పనికిరాదు, అందులో 'చ' 'చీమ'లోలాగే పలుకుతుంది.

అందుకే డిక్టేషన్‌కి అర్థంలేని మాటలే ఇవ్వాలి. తెలిసిన మాటైతే పిల్లలు విన్నది కాక స్పెల్లింగు రాసేస్తారు. వారానికి రెండుసార్లు, పదేసి నిమిషాలు చాలు. మూడు ధ్వనులతో మొదలుపెట్టి ఆరు దాకా పెంచండి. ఒక్కో మాట మూడుసార్లు, మధ్యలో ఐదు సెకన్లు. ముందే రికార్డు చేసి వినిపించడం మేలు. నోటితో చెబితే మూడోసారికి మనకి తెలీకుండానే ఒత్తి పలుకుతాం.

పలకడంలో 'ఫ' తీసుకోండి. పెదవులకు నాలుగు వేళ్ల దూరంలో సన్నటి కాగితం పట్టుకుంటే 'ప'కి అంతగా కదలదు, ఒత్తు 'ఫ'కి ఎగురుతుంది. ఆ కాగితాన్నొక్కదాన్నే నమ్మొద్దు. 'ఫలం'లో 'ఫ్యాను' ఫ పలికేవాళ్లకీ కాగితం కదులుతుంది. అద్దం ఇచ్చి, పెదవులు రెండూ మూసుకుంటున్నాయో లేదో చూసుకోమనండి. ఎజెక్టివ్‌కి (గొంతు మూసి, నోట్లో బిగిసిన గాలితోనే పేల్చే హల్లుకి) ఊపిరి బిగబట్టి, ఆ బిగువు వదలకుండా 'క్' అనాలి. వెనకే ఊపిరి బుస్సుమంటే గొంతు ముందే తెరుచుకుందన్నమాట.

రికార్డింగు రోజున ఫ్యాను కట్టేయాల్సిందే, విశాఖ ఉక్కపోతలో అది శిక్షే అయినా. మైకు జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా ఉండాలి. 44.1 కిలోహెర్ట్జ్‌లో వేవ్ ఫైలు చేయండి. వాట్సాప్ వాయిస్ మెసేజీ తీసుకోవద్దు, కుదింపులో 'స', 'శ'ల తేడా మసకబారుతుంది. 'బ'యా, 'ప'యా అని తగువొస్తే ప్రాట్‌లో (ధ్వనిని బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేర్‌లో) తెరవండి. తెలుగు 'బ'కి పెదవులు విడకముందే నాదం (గొంతులోని స్వరతంత్రుల కంపన) అలలు కనిపిస్తాయి.

మార్కుల దగ్గరే ఎక్కువ అన్యాయం జరుగుతుంది. హల్లుకి మూడు మార్కులు పెట్టండి: స్థానం (నోట్లో ఎక్కడ పుడుతుంది), ప్రయత్నం (గాలిని ఎలా అడ్డుకుంటాం), నాదం. 'ట' బదులు 'త' రాస్తే స్థానం మార్కే పోవాలి. మధ్యలో ఒక ధ్వని వదిలేసినవాడికి తర్వాతవన్నీ ఒక గడి జరిగి తప్పులైపోతాయి, కాబట్టి ముందు వరస కలిపి అప్పుడే దిద్దండి. పలికే పరీక్షకి ఇద్దరు ఎగ్జామినర్లుండాలి. ప్రశ్నపత్రం చూడకుండా, ఎవరికి వాళ్లు విన్నది రాసుకున్నాకే పోల్చుకోవాలి. తేడా వస్తే సగటు తీసెయ్యకుండా, రికార్డింగు మళ్లీ పెట్టి ఇద్దరూ కలిసి వినాలి.