అప్‌గ్రేడ్ రాత్రి రాకముందే

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద వెర్షన్లకు ఐదేళ్లకే నూరేళ్లు నిండుతాయి. 13వ వెర్షన్‌కు 2025 నవంబరుతో మద్దతు ముగిసింది. 14 వంతు 2026 నవంబరు. అందువల్ల వర్షాలు వెనకబట్టే వేళకు డేటాబేసులు చూసుకునే డీబీఏల క్యాలెండర్లలో శనివారం రాత్రులు ఒక్కొక్కటిగా నిండిపోతుంటాయి. ఈ పని ఎన్నోసార్లు చేశాక నాకు మిగిలిన నమ్మకం ఒక్కటే: తెల్లవారుజామున రెండు గంటలకు నా బుర్రను నేను నమ్మకూడదు. ఆలోచించాల్సినదంతా పగలే ఆలోచించి, రాత్రికి చదువుకుంటూ చేసుకుపోయే పని మాత్రమే మిగల్చాలి.

ఎందుకో చెప్పడానికి, ప్రోగ్రాములు రాసేవారు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ ఉదంతం చాలు. 2017 జనవరి 31 రాత్రి బాగా పొద్దుపోయాక, అక్కడి ఇంజనీరు ఒకరు మొరాయిస్తున్న రెప్లికాను, అంటే అసలు డేటాబేస్‌కు తోడుగా నడిచే నకలును, మళ్లీ నిలబెట్టే ప్రయత్నంలో దాని డేటా డైరెక్టరీని తొలగించబోయారు. తొలగించింది ప్రైమరీ మీద, అంటే అసలు డేటాబేస్ మీద. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపారు గానీ, అప్పటికే సుమారు 300 జీబీలో మిగిలింది నాలుగున్నర జీబీ. పోనీ బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, డేటాబేస్ 9.6 అయితే బ్యాకప్ తీసే పరికరం 9.2. వెర్షన్ కుదరక రోజూ విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లను మెయిల్ సర్వరే తిప్పికొట్టింది. చివరికి కాపాడింది ఆ ఇంజనీరే వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్, అంటే డేటాకు ఆ క్షణపు నకలు. జరిగినదంతా వాళ్లే దాచకుండా బయటపెట్టారు. ఆ నిజాయితీకి మనమందరం రుణపడి ఉన్నాం.

ఇందులోంచి నేర్చుకోవాల్సింది ‘బ్యాకప్ తీయండి’ అని కాదు, అది అందరికీ తెలుసు. అప్‌గ్రేడ్‌కు కనీసం వారం ముందు ఆ బ్యాకప్‌ను వేరే యంత్రం మీద పూర్తిగా రిస్టోర్ చేయండి. ఎన్ని గంటలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. పెద్ద పట్టికలు నాలుగైదు ఎంచుకుని వరుసలు లెక్కపెట్టండి, నిన్నటి తేదీతో ఉన్న రికార్డు కనిపిస్తోందో లేదో చూడండి. ‘బ్యాకప్ విజయవంతం’ అని వచ్చే మెయిల్‌ను నేను లెక్కలోకి తీసుకోను. మెయిల్ రాని రోజున ఎవరు గమనిస్తారన్నదే నా ప్రశ్న. మీ దగ్గర దీనికి జవాబుగా ఒక మనిషి పేరు లేకపోతే అప్‌గ్రేడ్ సంగతి తరువాత చూసుకోవచ్చు.

ఆ రిస్టోర్ చేసిన నకలు మీదే అప్‌గ్రేడ్ రిహార్సల్ కూడా జరపండి. చిన్న నమూనా డేటాతో చేసే రిహార్సల్ వల్ల ఆదేశాల్లో అక్షర దోషాలు బయటపడతాయి, సమయం మాత్రం తెలియదు. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే అప్‌గ్రేడ్ పరికరం పీజీ అప్‌గ్రేడ్‌లో తనిఖీ మాత్రమే చేసే వెసులుబాటు ఉంది. పాత సర్వర్ నడుస్తుండగానే దాన్ని నడపవచ్చు. డేటాబేస్‌కు తగిలించుకునే అదనపు భాగాలైన ఎక్స్‌టెన్షన్ల కొత్త వెర్షన్లు లేకపోవడం వంటి చిక్కులు చాలావరకు అక్కడే దొరికిపోతాయి.

తరువాత పాత ఫైళ్లను కాపీ చేసే నకలు పద్ధతా, అవే ఫైళ్లను వాడుకునే లింక్ పద్ధతా అన్నది తేల్చుకోవాలి. నకలు పద్ధతికి డిస్కులో దాదాపు రెట్టింపు చోటు కావాలి, గంటలు పడుతుంది. లింక్ పద్ధతి నిమిషాల్లో ముగుస్తుంది. కానీ కొత్త సర్వర్‌ను ఒకసారి మొదలుపెట్టారంటే పాతదాన్ని అదే ఫైళ్లతో మళ్లీ నడపడం క్షేమం కాదు. అంటే వెనక్కి రావాలంటే బ్యాకప్ ఒక్కటే దారి. పైన రాసుకున్న రిస్టోర్ గంటలు ఇక్కడ అక్కరకు వస్తాయి. సర్వర్ ఆపి పని చేసుకోవడానికి ఇచ్చిన వ్యవధి ఆరు గంటలు, రిస్టోర్‌కు ఐదు గంటలు అయితే, మొదటి గంట దాటాక మీకు వెనుదిరిగే దారి లేదన్నమాట. ఆ సమయాన్ని, రాత్రి చూసి చేయాల్సిన అడుగులు రాసుకున్న కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. అది దాటేముందు ‘ముందుకు’ అని చెప్పాల్సింది ఎవరో కూడా రాయండి. అలసిన వాడికి ఎప్పుడూ ‘ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది’ అనే అనిపిస్తుంది.

డేటాబేస్‌తో పాటు ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారుతుంటే మరింత జాగ్రత్త అవసరం. లినక్స్‌లో మూల లైబ్రరీ అయిన జీలిబ్‌సీలో, 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌తో అక్షరక్రమం నియమాలు మారాయి. ఉదాహరణకు పాత వ్యవస్థలో ఆంగ్ల లొకేల్, అంటే ఆంగ్ల భాషా అమరిక, కింద 11 తరువాత 1-1 వచ్చేది. కొత్తదానిలో 1-1 ముందు వస్తుంది. మన ఊళ్ల ఇంటి నంబర్లు గుర్తు చేసుకోండి, అడ్డగీత లేని గడప ఉంటుందా? త్వరగా వెతకడానికి పాత క్రమంలో కట్టిన ఇండెక్స్ ఫైళ్లను అలాగే కొత్త యంత్రానికి మోసుకెళితే, వరుస పట్టికలో ఉంటుంది, వెతికితే దొరకదు. ఒకటే ఉండాల్సిన చోట రెండోది చేరిపోతుంది. ఎర్రర్ ఏదీ రాదు, అదే దీనిలోని దుర్మార్గం. అక్షరాల కాలమ్‌ల మీద ఉన్న ఇండెక్సులన్నీ మళ్లీ కట్టాలి. దానికి పట్టే సమయాన్ని కూడా రిహార్సల్‌లో కొలవాలి.

ఇక నేను స్వయంగా తిన్న దెబ్బ. నా తొలి పెద్ద అప్‌గ్రేడ్ ఆదివారం ఉదయానికి హాయిగా ముగిసింది. పరీక్షించిన వారు నాలుగు తెరలు తెరిచి చూసి బాగుందన్నారు. సోమవారం పది గంటలకు జనం వచ్చేసరికి సర్వర్ నీరుగారిపోయింది. పాత వెర్షన్ల పీజీ అప్‌గ్రేడ్ డేటాను తెస్తుంది గానీ, ఏ పట్టికలో ఏది ఎంత ఉందన్న గణాంకాలను తేదు. అవి లేక, డేటాను ఏ దారిలో వెతకాలో ఎంచే ప్లానర్ గుడ్డిగా పట్టికలన్నీ మొదటి నుంచి చివరి దాకా చదువుతూ కూర్చుంది. ఆ గణాంకాలను మళ్లీ సేకరించే ఒక్క అనలైజ్ ఆదేశం నేను మరచిపోయాను. కాదు, మరచిపోలేదు. ‘తరువాత చేద్దాం’ అనుకున్నాను, కాగితం మీద రాయలేదు. 2025 సెప్టెంబరులో వచ్చిన 18వ వెర్షన్ నుంచి చాలావరకు గణాంకాలు వెంట వస్తున్నాయి. అయినా నా కాగితంలో ఆ వరుస చెరగలేదు.

సర్వర్ ఆగే వ్యవధి తగ్గించడానికి, పాతది నడుస్తుండగానే మార్పులను కొత్తదానికి పంపే లాజికల్ రెప్లికేషన్ దారి పట్టేవారు రెండు విషయాలు చూసుకోవాలి. 18వ వెర్షన్ వరకు, కొత్త వరుసలకు నంబర్లు ఇచ్చే సీక్వెన్స్‌ల విలువలు దానిలో వెళ్లవు. మార్పిడి వేళ వాటిని ముందుకు జరపకపోతే మొదటి కొత్త ఆర్డరే పాత నంబరుతో ఢీకొంటుంది. కొత్త సర్వర్ ఎంతవరకు అందుకుందో పాతది గుర్తుంచుకునే స్లాట్‌ను రిహార్సల్‌లో తయారుచేసి, తీసేయడం మరిస్తే పాత సర్వర్ దాని కోసం లాగ్ ఫైళ్లన్నీ దాచిపెట్టుకుని డిస్కు నింపేస్తుంది.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా డేటాబేసులు చూసేవారికి గడియారం కూడా ఒక ప్రమాదమే. న్యూయార్క్‌లో శనివారం రాత్రి పది గంటలంటే వేసవిలో మనకు ఆదివారం ఉదయం ఏడున్నర, నవంబరు మొదటి ఆదివారం దాటాక ఎనిమిదిన్నర. ఆ మార్పు జరిగే రాత్రి అక్కడ ఒంటిగంటకూ రెండింటికీ మధ్య గంట రెండుసార్లు వస్తుంది. ఆ రాత్రిని ఎవరు ఎంత బతిమాలినా ఒప్పుకోకండి. కాగితం మీద సమయాలన్నీ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో రాసి, పక్కన రెండు ఊళ్ల సమయాలూ వేయండి.

కాగితం ఎలా ఉండాలి? ఒక్కో అడుగుకూ నడపాల్సిన ఆదేశం, ఏ యంత్రం మీద, ఎంతసేపు, తెరపై ఏమి కనిపించాలి. కనిపించకపోతే ఏమి చేయాలి అన్నది కూడా అక్కడే. జనం నిజంగా వాడే ప్రొడక్షన్ యంత్రాల టెర్మినల్‌కు ఎర్రరంగు వేసి, యంత్రం పేరు ప్రాంప్ట్‌లోనే కనిపించేలా పెట్టండి. తొలగించే ఆదేశం ఏదైనా సరే, యంత్రం పేరు పైకి చదివి, రెండో మనిషి ‘అవునండీ, అదే’ అన్నాక మాత్రమే ఎంటర్ నొక్కాలి. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు ఇది చాదస్తంగా కనిపిస్తుంది, కనిపించనివ్వండి. ఆ రెండో మనిషి శనివారం మధ్యాహ్నం నిద్రపోయి వచ్చినవాడై ఉండాలి. ఇద్దరూ ఒకేలా అలసిపోతే ఇద్దరున్నా ఒక్కరితో సమానం. ప్రతి పది నిమిషాలకూ ‘ఎంతవరకు వచ్చిందండీ?’ అని ఫోన్ చేసే మేనేజరుకు జవాబు చెప్పేందుకు మూడో మనిషిని పెట్టండి.

అన్నీ సవ్యంగా ముగిశాక పీజీ అప్‌గ్రేడ్ ఒక చిన్న స్క్రిప్టు వదిలివెళుతుంది, పాత డేటా డైరెక్టరీని తొలగించేందుకు. తెల్లారేసరికి చోటు ఖాళీ చేసి, అంతా శుభ్రంగా సర్ది ఇంటికి వెళదామనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకుండా వెళ్లి పడుకోండి. ఆ పనికి వచ్చే బుధవారం ఉదయం పదకొండు గంటలకు టికెట్ పెట్టండి, పక్కన ఆ రెండో మనిషి పేరు కూడా రాసి.