హైవే మీద ఎవరైనా పడిపోతే

చిట్యాల దగ్గర హైవే పక్కన మాది టీ కొట్టు. యాక్సిడెంట్ అయితే నలభై మంది చుట్టూ మూగుతారు, కిందికి వంగేది ఇద్దరే. ఆ ఇద్దరిలో మీరుంటే ఏం చేయాలో నేను చూసి నేర్చుకున్నంత వరకు చెబుతాను.

పడినవాళ్ల దగ్గరికి పరుగెత్తే ముందు వెనక వచ్చే లారీని చూసుకోండి. ఒకరు దూరంగా రోడ్డు అంచున నిలబడి సెల్ లైటు ఊపాలి. నేనైతే నా ఎర్ర కుర్చీలు రెండు అక్కడ పెట్టిస్తాను.

తర్వాత 108. "హైవే మీద" అంటే వాళ్లకేం తెలుస్తుంది? కిలోమీటరు రాయి మీద నంబరు చెప్పండి. హైదరాబాద్ వెళ్లే వైపా, విజయవాడ వెళ్లే వైపా అన్నది కూడా చెప్పండి. మధ్యలో డివైడరు. అంబులెన్సు అటుపక్కకి వస్తే యూటర్న్ కోసం ఎంత దూరం పోవాలో!

రక్తం కారుతుంటే కండువా మడతపెట్టి గట్టిగా అదమండి. ఆగిందా లేదా అని ఎత్తి చూడొద్దు. తడిస్తే దాని మీదే ఇంకో గుడ్డ వేసి అదమండి.

నీళ్లు పట్టొద్దు. ఈ తప్పు నేనే చేశాను. దాహం అంటున్నాడని ఒక పిల్లాడి నోట్లో గ్లాసు పెట్టాను, పొలమారి ఊపిరాడక గిలగిలలాడాడు. 108లో వచ్చినతను నన్ను తిట్టిన తిట్లు ఇంకా గుర్తే. ఆపరేషన్ చేయాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలట.

ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్ జోలికి పోవద్దు. కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కుక్కొద్దు, మెడకు దెబ్బ తగిలి ఉంటే ప్రమాదం. మంటలు లేస్తే మాత్రం ఆలోచించకుండా పక్కకు లాగండి.

పోలీసులంటే టెన్షనా? 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతమూ చేయకూడదు. ఆసుపత్రికి చేరిస్తే బహుమతి కూడా ఇస్తారంటే మా ఆటోవాళ్లు నవ్వుతారు. సీటు కవరు కడగడానికే పూట గడిచిపోతుంది వాళ్లకి.

ఇంతలో పడినవాళ్ల ఫోను మోగుతుంది. "అమ్మ" అని కనబడుతుంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మీరు ఎత్తండి. దెబ్బ తగిలింది, ఫలానా ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు, ఒక్కరే బయల్దేరకండి, ఎవరినైనా తోడు తెచ్చుకోండి అని చెప్పండి. ఎలా ఉన్నాడని అడిగితే, "డాక్టర్లు చూస్తారమ్మా" అనండి.