ఎముక కణాలపై స్టెరాయిడ్ ప్రయోగమా? ముందు మీ కంట్రోల్ సరిచూసుకోండి

ఉస్మానియాలోనో గచ్చిబౌలిలోనో ప్రాజెక్టుకి డెక్సామెథసోన్ (ఒక స్టెరాయిడ్ మందు), ఆస్టియోబ్లాస్ట్‌లు అంటూ టాపిక్ తీసుకున్నారా, అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఎముకను కట్టే కణాలకు ఈ మందు మంచీ చేస్తుంది, చెడూ చేస్తుంది. ఏది చేస్తుందనేది డోసును బట్టి, కణం ఎంత ముదిరింది, మందు ఎన్నాళ్లు తగిలింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మనిషి మజ్జ నుంచి తీసిన మూలకణాలకు 10 నుంచి 100 నానోమోలార్ ఇస్తే ఎముక కణాలుగా మారడానికి సాయపడుతుంది, అదే ముదిరిన ఆస్టియోబ్లాస్ట్‌లకు 1 మైక్రోమోలార్ రోజుల తరబడి ఇస్తే పెరుగుదల మందగించి, కొలాజెన్ తగ్గి, కొన్ని చచ్చిపోతాయి కూడా. స్టెరాయిడ్లు నెలల తరబడి వాడే పేషెంట్ల ఎముకలు గుల్లబారడానికి ఇదీ ఒక కారణం, కాబట్టి ఈ పని ఆషామాషీగా చేయకండి.

అసలు చిక్కు మీడియం (కణాలు పెంచే ద్రవం) సీసాలోనే ఉంది. రెడీమేడ్ ఆస్టియోజెనిక్ (ఎముక కణాలుగా మార్చే) మీడియాల్లో చాలావాటిలో డెక్సామెథసోన్ ముందే కలిపి ఉంటుంది, దాన్నే కంట్రోల్‌గా (మందు లేకుండా పోల్చి చూసేదిగా) పెట్టుకుంటే మీ ప్లేట్‌లో స్టెరాయిడ్ లేని వెల్ (గుంట) ఒక్కటీ లేనట్టే. అందుకే స్టెరాయిడ్ లేని మామూలు మీడియంలో ఆస్కార్బిక్ యాసిడ్ మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాములు, బీటా గ్లిసరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్ చొప్పున మీరే కలుపుకోండి. మీడియంలో కలిపే సీరంలోనూ కార్టిసాల్ (ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్) ఉంటుంది కాబట్టి చార్‌కోల్ పట్టించి హార్మోన్లు తీసేసిన సీరం దొరికితే అదే వాడండి.

మందు 3.9 మిల్లీగ్రాములు తూచి 1 మిల్లీలీటరు ఇథనాల్‌లో కరిగిస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ (చిక్కటి ద్రావణం) వస్తుంది. దాన్ని ఇథనాల్‌తోనే పదేసి రెట్లు పలచన చేసుకుంటూ వెళ్లి, ఏ డోసుకైనా మిల్లీలీటరు మీడియంకి 1 మైక్రోలీటరే వేయండి. అప్పుడు అన్ని వెల్స్‌లోనూ ఇథనాల్ 0.1 శాతమే ఉంటుంది. కంట్రోల్‌కి కూడా ఉత్త ఇథనాల్ అంతే వేయాలి, చాలామంది వదిలేసేది ఇదే.

ఏప్రిల్, మే ఎండల్లో ఇంక్యుబేటర్ ట్రేలో నీళ్లు రోజూ చూడండి, ఎండిపోతే అంచు వెల్స్‌లో మీడియం ఆవిరై డోసు దానంతటదే చిక్కబడుతుంది. అంచు వెల్స్‌ను పీబీఎస్‌తో (ఉప్పు బఫర్ ద్రావణం) నింపి వదిలేయడం మేలు. మీడియం 2, 3 రోజులకోసారి మార్చండి, కానీ మార్చిన ప్రతిసారీ మందు కొత్తగా వేయాల్సిందే.

మొదటి వారం తర్వాత ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక కణాల ఎంజైమ్) కొలవండి, 405 నానోమీటర్ల దగ్గర పసుపు రంగు చదవడమే. 21వ రోజుకి కాల్షియానికి పట్టే అలిజరిన్ రెడ్ రంగు వేయండి. రంగు తీశాక నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి, పైపెట్ మాత్రం వెల్ గోడకి ఆనించి నెమ్మదిగా పోయండి, లేదంటే కణాల పొర చాపలా లేచిపోతుంది. ఎర్రగా కనిపించిందల్లా ఎముక ఖనిజమని సంబరపడకండి. చచ్చిన కణాల మీద పేరుకున్న కాల్షియం ఫాస్ఫేట్ కూడా అదే రంగు పడుతుంది, కాబట్టి కణాలు లేని వెల్ ఒకటి, బతికున్న కణాల లెక్క ఒకటి తప్పకుండా ఉండాలి.

ఫలితం స్టెరాయిడ్ రిసెప్టర్ (కణంలో మందు అతుక్కునే ప్రొటీన్) ద్వారానే వచ్చిందని చూపాలంటే దాన్ని అడ్డుకునే మిఫెప్రిస్టోన్ కూడా మందుతో పాటు కలిపిన వెల్స్ పెట్టండి, మిఫెప్రిస్టోన్ ఒక్కటే వేసినవి కూడా పక్కనే.