బరువు తగ్గింది సరే, ఎక్కడ ఆపాలి? సమస్య - కారణం - పరిష్కారం

బరువు ఎలా తగ్గాలో చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్ళే దొరకరు. డైట్ మొదలుపెట్టిన రోజు అరవై అనో డెబ్బై అనో ఒక అంకె అనుకుంటాం. ఆ అంకె వచ్చాక కొందరు ఆగకుండా కిందికి పోతూనే ఉంటారు. ఎక్కువమంది మాత్రం "హమ్మయ్య" అని పాత తిండికి వెళ్ళిపోయి ఏడాది తిరక్కుండానే మొదటికి వస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రిపోర్టులు బాగుండి, మీ ఇంట్లో రోజూ వండే తిండితో, మీరు మామూలుగా చేయగలిగే నడకతో, పెద్ద తిప్పలు పడకుండా నిలబెట్టుకోగలిగే బరువు ఏదైతే అదే మీరు ఆగాల్సిన చోటు. ఇంకో మూడు కిలోలు కిందికి వెళ్ళొచ్చు. కానీ ఆ మూడు కిలోలకూ రోజూ ఆకలి రూపంలో వడ్డీ కడుతూనే ఉండాలి.

కింద మీకు సరిపోయే లక్షణం చూసుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు ఈ లెక్కలు పెట్టుకోకండి, డాక్టర్ చెప్పినట్టే నడవండి.

"అనుకున్న బరువుకు వచ్చాను, అయినా ఇంకో నాలుగు కిలోలు తగ్గాలనిపిస్తోంది"

కారణం: మొదట పెట్టుకున్న అంకెకు ఆధారం ఉండదు. పెళ్ళినాటి బరువో, స్నేహితురాలి బరువో, చివర సున్నా ఉంది కదా అని నచ్చిన అంకో అయి ఉంటుంది. రెండో కారణం పొట్ట. కాటా తగ్గినా పొట్ట పోలేదని ఇంకా తగ్గిస్తూ పోతారు.

మనవాళ్ళ ఒంటి తీరే వేరు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసుకున్నారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే లెక్క, బీఎంఐ, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే మనిషిలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండొచ్చు. అలాంటివాళ్ళు తిండి ఇంకా తగ్గిస్తే ఉన్న కాస్త కండా కరుగుతుంది.

పరిష్కారం: కాటా పక్కన పెట్టి మూడు విషయాలు చూడండి. ఒకటి బీఎంఐ, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది. భారతీయులకు 18.5 నుంచి 22.9 మామూలు, 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని లెక్క. రెండోది నడుము: మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 లోపల ఉండాలి. మూడోది రిపోర్టులు: షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు), ఫ్యాటీ లివర్ ఉంటే దాని స్కాన్.

165 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళ అనుకుందాం. ఆమెకు మామూలు బరువంటే సుమారు 50 నుంచి 62 కిలోలు. చూశారా, పన్నెండు కిలోల వెడల్పు ఉంది. ఆమె 84 నుంచి 61కి వచ్చి, నడుము 79 ఉండి, రిపోర్టులు బాగుంటే ఇంక తగ్గాల్సింది ఏమీ లేదు, ఆపేయాలి. అదే 61 కిలోల్లో నడుము 86 ఉంటే చేయాల్సింది డైట్ కాదు. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తే వ్యాయామం, తిండిలో ప్రొటీన్. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. కండ పెంచాలనుకునేవాళ్ళు 1.2 దాకా వెళ్ళొచ్చు. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ను అడక్కుండా పెంచొద్దు.

ఇక బీఎంఐ ఇంకా 27 దగ్గరే ఉంది, కానీ షుగర్ అదుపులోకి వచ్చింది, డైట్ అంటేనే విసుగొస్తోంది అనేవాళ్ళు? వాళ్ళూ ఆపొచ్చు. మధుమేహం ముంగిట్లో ఉన్నవాళ్ళతో అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. అందులో పెట్టుకున్న లక్ష్యం 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం, అంతే. దానితోనే మధుమేహం వచ్చే ప్రమాదం 58 శాతం తగ్గింది. 84 కిలోల మనిషికి 7 శాతం అంటే ఆరు కిలోలు. ఆరు తగ్గి, ఆరునెలలు అక్కడే నిలబడి, ఓపిక వచ్చాక మళ్ళీ మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు.

"కాటా నెలగా కదలట్లేదు"

ముందు కొలత సరిగ్గా ఉందో లేదో చూడండి. కాటా రోజూ ఒకే టైల్ మీద, నాలుగు కాళ్ళూ నేలకు ఆనేలా పెట్టాలి. టైల్స్ మధ్య గాడిలో ఒక కాలు దిగితే తూకం తేడా వస్తుంది. ఉదయం బాత్రూమ్ పని అయ్యాక, కాఫీకి ముందు చూసి, ఏడు రోజుల సగటు తీయండి. ఈ వారం సగటు, పోయిన వారం సగటు, వీటినే పోల్చాలి.

సగటు కూడా నాలుగు వారాలుగా కదలకపోతే రెండు కారణాలు. ఒకటి, కొలతలు జారిపోయి ఉంటాయి. మొదట్లో చెంచాతో కొలిచి పోసిన నూనె ఇప్పుడు సీసాతో వంపుతున్నాం. 15 మిల్లీలీటర్ల చెంచాడు నూనె అంటే సుమారు 120 కేలరీలు మరి. రెండోది, ఒళ్ళు సర్దుకుంది. తగ్గిన ప్రతి కిలోకూ ఒంటి ఖర్చు రోజుకు 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుందని, ఆకలి మాత్రం దాదాపు 100 కేలరీలు పెరుగుతుందని అమెరికా శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం లెక్కగట్టింది. పది కిలోలు తగ్గాక మనసు గట్టిది కాదని తిట్టుకోవడం దేనికి, ఆకలే పెరిగింది.

పరిష్కారం: నూనె, చిరుతిళ్ళు, టీలో చక్కెర రెండు వారాలు మళ్ళీ కొలిచి చూడండి. అప్పుడూ కదలకపోతే, ఇంకా తగ్గాలంటే ఏం వదులుకోవాలో కాగితం మీద రాసుకోండి. రాత్రి భోజనమే వదిలేయాలి, ఇంట్లో వాళ్ళతో కూర్చుని తినకూడదు అని వస్తే, ఆగాల్సిన చోటు వచ్చేసిందని అర్థం.

"జుట్టు రాలిపోతోంది, ఎప్పుడూ చలి, నెలసరి తప్పింది, రోజంతా తిండి ధ్యాసే"

ఇది మిగతావాటిలాంటిది కాదు. ఈ లక్షణాలుంటే లక్ష్యం ఎంత దూరంలో ఉన్నా ఈ రోజే డైట్ ఆపాలి.

కారణం: ఒంటికి అందేది మరీ తక్కువైంది, లేదా మరీ త్వరగా తగ్గారు. జుట్టు రాలడం సాధారణంగా రెండు మూడు నెలలు ఆలస్యంగా బయటపడుతుంది, అందుకే షాంపూనో, బోరు నీళ్ళనో అనుమానిస్తారు. వారానికి కిలోన్నర మించి తగ్గేవాళ్ళకు పిత్తాశయంలో రాళ్ళు వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుంది.

తిండి ధ్యాస సంగతి 1944-45లోనే తేలింది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరునెలలు సగం తిండి పెట్టి చూశాడు. వాళ్ళు తమ బరువులో నాలుగోవంతు పోగొట్టుకున్నారు. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చునేవారు, కంచాలు నాకేవారు, ఎండాకాలంలోనూ చలి అనేవారు. ఆ సగం తిండి ఎంతనుకున్నారు? రోజుకు దాదాపు 1,570 కేలరీలు. వాళ్ళు వారానికి 35 కిలోమీటర్లు నడిచేవారు కూడా. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే డైట్ షీట్లు చాలావరకు 1,200 కేలరీలవి!

పరిష్కారం: రోజుకు 300 కేలరీల దాకా వెంటనే పెంచండి. ఒక గుడ్డు, గిన్నెడు పెరుగు, అదనంగా గరిటెడు అన్నంతో దాదాపు అంత వస్తుంది. డాక్టర్ దగ్గర హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, విటమిన్ బి12 చూపించుకోండి. నెలసరి తప్పితే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్, మూడు నెలలు రాకపోతే గైనకాలజిస్ట్. బీఎంఐ 18.5 కిందికి వెళ్ళినవాళ్ళు ఆగడమే కాదు, కొంచెం పెరగాలి కూడా.

"లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి, మధ్యాహ్నం చేతులు వణుకుతున్నాయి"

షుగర్, బీపీ మాత్రలు వాడేవాళ్ళకే ఇది ఎక్కువ. పదికిలోలు ఎక్కువున్నప్పుడు రాసిన డోసు ఇప్పటి ఒంటికి ఎక్కువవుతుంది. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకు షుగర్ పడిపోతుంది, బీపీ మాత్రలకు లేవగానే తూలుతుంది. వణుకు, చెమట వస్తే మీటరుతో చూసుకోండి. 70 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ వారమే డాక్టర్‌ను కలిసి డోసు మార్పించుకోండి. మీ అంతట మీరు మాత్ర మానేయొద్దు.

"ఏంటమ్మా ఇలా పీక్కుపోయావు, షుగర్ గానీ వచ్చిందా?"

ఇది మీ లక్షణం కాదు, చుట్టాల లక్షణం. పెళ్ళికి వెళ్తే పదిమంది అడుగుతారు. బుగ్గలు తగ్గిన సంగతి ముందు కనబడుతుంది, వదులైన చొక్కా మనిషిని ఇంకా చిక్కిపోయినట్టు చూపిస్తుంది. టైలర్ దగ్గర రెండు జాకెట్లు కుట్లు వేయించుకుంటే సగం ప్రశ్నలు ఆగుతాయి. మిగతా సగానికి "టెస్టులన్నీ బాగున్నాయి పిన్నీ" అంటే చాలు. వాళ్ళ మాట మీద డైట్ ఆపక్కర్లేదు, ఎవరో మెచ్చుకున్నారని కొనసాగించక్కర్లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం పిన్ని మాట వినాలి. మీరు ఏ ప్రయత్నమూ చేయకుండానే, లేదా డైట్ ఆపాక కూడా, ఆరు నెలల నుంచి ఏడాదిలో బరువులో 5 శాతం మించి పోయిందంటే అది విజయం కాదు. మధుమేహం, థైరాయిడ్, టీబీ, క్యాన్సర్ ఏదైనా కావచ్చు. డాక్టర్ చూడాల్సిందే.

"ఆపిన వారానికే రెండు కిలోలు పెరిగాను"

ఇక్కడే చాలామంది భయపడి మళ్ళీ ఉపవాసాలకు దిగుతారు. భయపడకండి, అది కొవ్వు కాదు.

కారణం: అన్నం, రొట్టె పెంచగానే కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్, అంటే ఒళ్ళు దాచుకునే పిండి పదార్థం, నిండుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుంటుంది. దానికి తోడు పచ్చళ్ళ ఉప్పు, పేగుల్లో ఉన్న ఆహారం. నిజంగా రెండు కిలోల కొవ్వు పట్టాలంటే ఒంటి ఖర్చుకు మించి 15 వేల కేలరీలు తినాలి. వారంలో అంత తినడం మాటలు కాదు, అల్లుడి మర్యాదలు జరుగుతున్నా సరే.

పరిష్కారం: ఒక్కసారిగా పెంచకుండా మెట్లుమెట్లుగా పెంచండి. ఎంత పెంచాలో మీ కాటాయే చెబుతుంది. వారానికి అరకిలో తగ్గుతున్నారంటే రోజుకు దాదాపు 550 కేలరీల లోటులో ఉన్నారన్నమాట. అందులో మొదటివారం మధ్యాహ్నం 100 గ్రాముల అన్నం పెంచండి, అది 130 కేలరీలు. స్టీలు గిన్నె కాటా మీద పెట్టి, సున్నా చేసి, అన్నం వడ్డించి ఒకటి రెండుసార్లు చూస్తే చాలు, తర్వాత కంటికే తెలుస్తుంది. రెండోవారం గుప్పెడు వేయించిన పల్లీలు. మూడోవారం రాత్రికి ఇంకో పుల్కా, కాస్త పప్పు. ఇలా నాలుగైదు వారాలు పెంచి, ఏడు రోజుల సగటు రెండు వారాలు కదలకుండా నిలిస్తే అదే మీ మెయింటెనెన్స్ తిండి. నిలిచిన బరువు డైట్ చివరి రోజు బరువుకన్నా కిలో, కిలోన్నర ఎక్కువుంటుంది. అందుకే ఆగదలచిన చోటికన్నా ఒక కిలో కింద ఆపడం మంచిది.

"మూడు నెలలు బాగానే ఉంది, ఇప్పుడు మెల్లగా పాకుతోంది"

కారణం: డైట్‌కు గడువు పెట్టుకున్నాం గానీ తర్వాతి తిండికి నియమం పెట్టుకోలేదు. దసరాకు మొదలైతే సంక్రాంతి అరిసెలు, మాఘమాసం పెళ్ళిభోజనాల దాకా ఖాళీ ఉండదు. అమెరికాలో ఉన్నవాళ్ళకు మధ్యలో థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ అదనం.

పరిష్కారం: లక్ష్యం అంకె కొట్టేసి పై హద్దు రాసుకోండి. అమెరికాలో రీనా వింగ్ బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో, బాగా బరువు తగ్గినవాళ్ళకు రోజూ తూచుకోమని చెప్పి ట్రాఫిక్ లైట్ల పద్ధతి నేర్పారు. ఆగిన బరువు మీద 1.4 కిలోల లోపు పచ్చ, అది దాటితే పసుపు, 2.3 కిలోలు పెరిగితే ఎరుపు. ఎరుపులోకి వెళ్తే వెంటనే మళ్ళీ తగ్గే తిండికి మారాలి. ఏడాదిన్నర తర్వాత చూస్తే, ఉత్తరాల ద్వారా సమాచారం మాత్రమే అందినవాళ్ళలో 72 శాతం మంది 2.3 కిలోలో అంతకన్నా ఎక్కువో పెరిగారు. ముఖాముఖి కలుస్తూ ఈ పద్ధతి పాటించినవాళ్ళలో 46 శాతం. అందరికీ పనిచేయలేదు, కానీ తేడా చిన్నది కాదు.

మీ బరువు 61 దగ్గర నిలిస్తే ఫ్రిజ్ మీద 63.3 అని రాసి అతికించండి. అది దాటిన రోజు, పండగ అయ్యాక చూద్దాం అనుకోకుండా, రెండు మూడు వారాలు పాత డైట్. నడక మాత్రం మానొద్దు. పదమూడు కిలోలకు పైగా తగ్గి ఏడాదికి మించి నిలబెట్టుకున్నవాళ్ళ వివరాలు 1994 నుంచి అమెరికాలో నమోదు చేస్తున్నారు. వాళ్ళలో ఎక్కువమంది రోజుకు గంట దాకా వ్యాయామం చేసేవాళ్ళే, వారానికోసారైనా తూచుకునేవాళ్ళే.

"ఇంజెక్షన్‌తో తగ్గాను, ఇప్పుడు ఆపేయొచ్చా?"

2025లో మన దేశంలోకి మౌంజారో, వెగోవి అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాక ఈ ప్రశ్న పెరిగింది. వెగోవిలో ఉండే సెమాగ్లూటైడ్ అనే మందు ఆపిన ఏడాదికల్లా తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు పరిశోధనలో తేలింది. మందు అణచిపెట్టిన ఆకలి, మందు పోగానే లేస్తుంది. కాబట్టి బరువు చేరుకోగానే డబ్బు మిగులుతుందని మీరే ఆపొద్దు. కొనసాగించాలా, డోసు తగ్గించాలా, మానాలా అన్నది రాసిన డాక్టర్‌తోనే తేల్చుకోండి. కండ పోకుండా బరువులెత్తడం మందు వాడుతున్నప్పుడే మొదలుపెట్టాలి.

"ఎంత తగ్గినా అద్దంలో లావుగానే కనిపిస్తున్నాను"

అందరూ చిక్కిపోయావంటున్నా నమ్మబుద్ధి కాకపోవడం, తిన్నాక వాంతి చేసుకోవడం, ఒక ముద్ద ఎక్కువ తింటే రెండు గంటలు పరిగెత్తడం, నలుగురిలో తినడానికి భయపడటం ఉంటే పైన చెప్పిన లెక్కలేవీ మీకు పనికిరావు. కాటా ఇంట్లో ఎవరికైనా ఇచ్చి దాచమనండి. ఇది తిండి రుగ్మత కావచ్చు, దీనికి చికిత్స ఉంది. సైకియాట్రిస్ట్‌ను కలవండి. ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు.