ఇంగ్లీషు ‘ప్లస్’, ఫ్రెంచి ‘ప్లు’: ఏది ఎక్కడ, ఎలా పలకాలి

పి, ఎల్, యు, ఎస్. రెండు భాషల్లోనూ స్పెల్లింగు ఇదే. లాటిన్‌లో ఈ మాటకు ‘ఎక్కువ’ అని అర్థం. ఇంగ్లీషు దీన్ని దాదాపు కూడికకే వాడుకుంటోంది. ఫ్రెంచి మాత్రం కూడికకీ, పోలికకీ, ‘ఇక లేదు’ అనడానికీ ఇదే వాడుతుంది.

ఇంగ్లీషుతో పెద్ద పేచీ లేదు. ‘టూ ప్లస్ టూ’, ‘ట్వెల్వ్ హండ్రెడ్ ప్లస్ జీఎస్టీ’ లాంటి చోట్ల ఇది ప్రిపొజిషన్. అందుకే ‘మై శాలరీ ప్లస్ బోనస్’ తర్వాత ‘ఈజ్’ వస్తుంది, ‘ఆర్’ కాదు. ‘అనుకూలాంశం’ అనే అర్థంలో నామవాచకం. బహువచనంలో చివర ఒక ఎస్ రాసి ‘ఈఎస్’ చేర్చినా, రెండు ఎస్‌లు రాసి చేర్చినా ఒప్పే. ‘అంతేకాక’ అనే అర్థంలో వాక్యం మొదట పెట్టడం మాటల్లో చెల్లుతుంది, ఆఫీసు ఉత్తరంలో బాగుండదు.

ఫ్రెంచికి వస్తే ముందు అచ్చు సరిచూసుకోవాలి. ఇక్కడ ‘ప్లు’ అని రాస్తున్నా అది మన ‘ఉ’ కాదు. ‘ఈ’ అంటూ నాలుకను అక్కడే ఉంచి, పెదవులు మాత్రం ఈల వేస్తున్నట్టు గుండ్రంగా చుట్టండి. ‘ప్ల్యూ’ అంటే తప్పు: అందులో ‘య’ చొరబడింది.

తర్వాత వాక్యంలో ‘న’ (ఎన్, ఈ) అనే వ్యతిరేకార్థపు మాట ఉందేమో వెతకండి. ఉంటే అర్థం దాదాపు ఎప్పుడూ ‘ఇక లేదు’, ఉచ్చారణ ‘ప్లు’. ‘జ న త్రవాయ్ ప్లు’ అంటే ఇక నేను పనిచేయడం లేదు. ‘జ త్రవాయ్ ప్లుస్’ అంటే ఇంకా ఎక్కువ పనిచేస్తాను. మన ‘ఇక’, ‘ఇంకా’ల మధ్య ఉన్నంత తేడా ఒక్క ‘స్’ మీద నిలబడి ఉంది. చిక్కేమిటంటే, ఫ్రెంచివాళ్లు మాటల్లో ఆ ‘న’ను మింగేస్తారు. ‘యా ప్లు ద పెఁ’ అంటే రొట్టె అయిపోయింది, ‘యా ప్లుస్ ద పెఁ’ అంటే రొట్టె ఎక్కువ ఉంది. కాగితం మీద రెండూ ఒకటే. అందుకే రాసేటప్పుడు ‘న’ వదలకండి. ‘ఎక్కువ’ అనే అర్థం అనుమానానికి తావివ్వకూడదనుకుంటే ‘దావాఁతాజ్’ అనే మాట వాడండి.

‘న’ క్రియకు ముందు, ‘ప్లు’ తర్వాత. రెండు మాటల భూతకాలంలో ‘ప్లు’ సహాయక్రియ పక్కనే నిలుస్తుంది: ‘జ నే ప్లు త్రవాయే’ (నేనిక పనిచేయలేదు). క్రియ మూలరూపంలో ఉంటే రెండూ దాని ముందుకే వస్తాయి: ‘న ప్లు త్రవాయే’ (ఇక పనిచేయకపోవడం). వీటి తర్వాత ‘దు పెఁ’ కాస్తా ‘ద పెఁ’ అవుతుంది. పరీక్షల్లో మార్కులు పోయే చోటు ఇదే.

పోలికలో తెలుగువాళ్లు చేసే తప్పు వేరు. మనకు ‘నాకంటే పొడుగు’ అంటే చాలు, ‘ఎక్కువ పొడుగు’ అనక్కర్లేదు. ఆ అలవాటుతో ‘గ్రాఁ క మ్వా’ అనేస్తారు. ‘ప్లు గ్రాఁ క మ్వా’ అనాలి. తర్వాతి మాట హల్లుతో మొదలైతే ‘ప్లు’, అచ్చుతో మొదలైతే ‘ప్లుజ్’: ‘ప్లుజెఁతెలిజాఁ’ (ఎక్కువ తెలివైన). పోలిక చివర ఒంటరిగా మిగిలినా, కూడికలోనైనా ‘ప్లుస్’: ‘ద ప్లుస్ ద ఫోఁ కత్ర్’ (రెండు ప్లస్ రెండు నాలుగు). ఇక్కడ క్రియ బహువచనం, గమనించండి.

‘కంటే’ అనడానికి సంఖ్య ముందు ‘క’ కాదు, ‘ద’. వందమందికి పైగా అనడానికి ‘ప్లు ద సాఁ పెర్సొన్’.

‘అన్నిటికంటే’ అనాలంటే ముందు ఆర్టికల్ (‘ల’, ‘లా’) చేర్చాలి. విశేషణం నామవాచకం తర్వాత వస్తే ఆర్టికల్ రెండుసార్లు: ‘లా విల్ లా ప్లు గ్రాఁద్’ (అన్నిటికంటే పెద్ద నగరం). ఆర్టికల్, విశేషణం లింగాన్ని బట్టి మారతాయి. ‘ప్లు’ రాతలో ఎప్పుడూ మారదు. ‘చదివేకొద్దీ నేర్చుకుంటాను’ లాంటి వాక్యంలో మాత్రం ఆర్టికల్ పెట్టకూడదు: ‘ప్లు జ లీ, ప్లు జాప్రాఁ’. ఇంగ్లీషులో ‘ద మోర్, ద మోర్’ అని రెండుసార్లు ఆర్టికల్ పెట్టే అలవాటున్నవాళ్లు ఇక్కడ ‘ల’ దూరుస్తారు.

‘బోఁ’ (మంచి)కు, ‘బ్యెఁ’ (బాగా)కు ‘ప్లు’ అతకదు. వాటికి ‘మెయ్యర్’, ‘మ్యో’ అనే సొంత రూపాలున్నాయి.

మనం ‘నేనూ తింటాను’, ‘నేనూ తినను’ రెంటికీ ఒకే ‘ఊ’ వాడతాం. ఫ్రెంచిలో అలా కుదరదు. ఎదుటివాళ్లు అవునన్నదానికి ‘మ్వా ఓసీ’, కాదన్నదానికి ‘మ్వా నోఁ ప్లు’. కాఫీ వద్దన్న మనిషి పక్కన కూర్చుని ‘మ్వా ఓసీ’ అంటే, కాఫీ కావాలన్నారో వద్దన్నారో తెచ్చేవాళ్లకు అర్థం కాదు.