స్కానర్‌కు దూరపు సిగ్నల్ అందడం లేదా? యాంటెన్నా కొనేముందు ఇవి చూడండి

విమానాలు, వాకీటాకీల మాటలు వినే చిన్న రేడియో, అంటే చేతి స్కానర్‌లో, మాట సరిగా రాకపోతే తప్పంతా యాంటెన్నా నెత్తిన వేసి, ఇంకాస్త పొడుగుది కొనేస్తుంటారు. చాలాసార్లు అది నిర్దోషి. ముందు ఒక కొలబద్ద కావాలి: ఎప్పుడు పెట్టినా వినిపించే ప్రసారం. దగ్గర్లో విమానాశ్రయం ఉంటే, వాతావరణ వివరాలను ఆపకుండా చదివే ఏటిస్ ఛానెల్ ఇందుకు చక్కగా పనికొస్తుంది. ఎవరు ఎప్పుడు మాట్లాడతారో తెలియని ఛానెల్ మీద యాంటెన్నాలను పోల్చి చూస్తే ఏమీ తేలదు.

అసలు చప్పుడే లేదు

సిగ్నల్ లేనప్పుడు హోరును నొక్కిపెట్టే స్క్వెల్చ్‌ను పూర్తిగా తెరవండి. హోరు వస్తే రిసీవర్ బతికే ఉంది, స్క్వెల్చ్ మరీ బిగించారంతే. హోరు ఆగేచోటికి తిప్పి వదిలేయండి. హోరు ఉండి మాట రాకపోతే మోడ్ చూడండి. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య విమానాల మాటలు ఏఎంలో నడుస్తాయి, ఎఫ్ఎంలో పెడితే అర్థం కావు. సిగ్నల్‌ను కావాలని తగ్గించే అటెన్యుయేటర్ ఆన్‌లో ఉండిపోయిందేమో కూడా చూడండి.

కొత్త యాంటెన్నా బిగించిన దగ్గర్నుంచే ఈ సమస్య మొదలైతే కనెక్టర్ మధ్యలోకి తొంగి చూడండి. చేతి స్కానర్లకు వాడే ఎస్ఎంఏ అనే చిన్న మర కనెక్టర్‌లో రివర్స్ పొలారిటీ రకం ఒకటుంది. మర చక్కగా పడుతుంది, లోపల మాత్రం పిన్నూ పిన్నూ ఎదురుపడటమో, రెండు వైపులా రంధ్రాలే ఉండటమో జరుగుతుంది. రంధ్రాలే ఉంటే మధ్య తీగ తగలదు. పిన్నులు రెండూ ఉంటే బలవంతంగా బిగించొద్దు, స్కానర్ వైపుది పాడవుతుంది.

దగ్గరివి గట్టిగా వస్తాయి, దూరానివి రావు

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. కారణం దాదాపు ఎప్పుడూ ఎత్తే. వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ (30 నుంచి 3,000 మెగాహెర్ట్జ్ దాకా) తరంగాలు ఇంచుమించు తిన్నగా పోతాయి, భూమి వంపు దాటాక అందవు. లెక్క తేలికే: ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. రెండు చివరలకూ విడివిడిగా లెక్కకట్టి కలపాలి. నేల మీద నిలబడి 1.5 మీటర్ల ఎత్తున స్కానర్ పట్టుకుంటే మీ వాటా 5 కిలోమీటర్లు. అవతల 30 మీటర్ల టవర్ ఉంటే దాని వాటా 22న్నర. మొత్తం 27 పైచిలుకు. అదే మీరు 9 మీటర్ల ఎత్తున్న మేడ ఎక్కితే మీ వాటా 12 దాటుతుంది, మొత్తం 35కి చేరుతుంది. కొత్త యాంటెన్నా ఏదీ ఇంత తేలిగ్గా ఇంత మార్పు తేలేదు. పైగా కొండలూ భవనాలూ అడ్డుపడితే ఈ లెక్క ఇంకా తగ్గుతుంది.

పైలట్ మాట స్పష్టంగా వస్తూ, కంట్రోల్ టవర్ జవాబు రాకపోవడం కూడా ఇలాంటిదే. 10,000 మీటర్ల ఎత్తున్న విమానానికి దాని వాటాయే 400 కిలోమీటర్లు దాటుతుంది. స్కానర్‌లో లోపం లేదు.

మేడ ఎక్కడం కుదరకపోతే కిటికీ దగ్గరికి జరగండి. ఇనుప కడ్డీల కాంక్రీటూ, లోహపు పూత ఉన్న అద్దమూ సిగ్నల్‌ను బాగా మింగేస్తాయి. గోడల మీద పడి తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోట్లు కూడా గదిలో ఉంటాయి. 860 మెగాహెర్ట్జ్ దగ్గర అర తరంగదైర్ఘ్యం 17 సెంటీమీటర్లే కాబట్టి స్కానర్‌ను జానెడు పక్కకు జరిపితే చచ్చిన ఛానెల్ లేచి కూర్చోవచ్చు. డబ్బు ఖర్చు లేని ఈ పని మొదట చేయండి.

ఒక బ్యాండ్ బాగుంది, ఇంకోటి నీరసం

డబ్బాలో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా అన్ని బ్యాండ్లకూ రాజీపడి చేసింది. దాని పొడవు తక్కువ కాబట్టి కింది ఫ్రీక్వెన్సీల దగ్గర ఎక్కువ నష్టపోతుంది. పావు తరంగదైర్ఘ్యం కావాలంటే 75ను మెగాహెర్ట్జ్‌తో భాగించండి, మీటర్లలో వస్తుంది: 125కి 60 సెంటీమీటర్లు, 150కి 50, 450కి దాదాపు 17. ఆచరణలో ఇంకో అయిదు శాతం తగ్గించాలి.

లాగి పొడిగించే టెలిస్కోపిక్ యాంటెన్నాను ఎప్పుడూ చివరిదాకా లాగేసి వాడటం అలవాటైపోతుంది. వినే బ్యాండ్‌ను బట్టి పొడవు సర్దండి. 50 సెంటీమీటర్లది 450 మెగాహెర్ట్జ్ దగ్గరా పనిచేస్తుంది, కాకపోతే గ్రహణశక్తి ఎక్కువగా పైకి మళ్లుతుంది.

యాంటెన్నాకు రెండో సగం కూడా కావాలన్న సంగతి చాలామందికి తట్టదు. ఆ సగంగా పనిచేసే నేల (గ్రౌండ్) చేతి స్కానర్‌కు లేదు, దాని ఒళ్లూ మీ చెయ్యే ఆ పని చేస్తాయి. కనెక్టర్ బయటి లోహానికి అదే పావు పొడవు తీగ ఒకటి కట్టి కిందికి వేలాడదీస్తే తేడా వినిపిస్తుంది. స్కానర్‌ను బల్ల మీద పడుకోబెట్టకండి, వాకీటాకీల ప్రసారాలు చాలావరకు నిలువు ధ్రువణంలో ఉంటాయి, అంటే యాంటెన్నా నిలువుగా ఉంటేనే బాగా అందుతాయి.

పెద్ద యాంటెన్నా పెట్టాక ఇంకా పాడైంది

విమానాల ఛానెల్లో పాటలు వినిపిస్తున్నాయా? అందే సిగ్నల్ చాలక కాదు, ఎక్కువై. 88–108 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం స్టేషన్లు రిసీవర్ ముందు భాగాన్ని ముంచెత్తితే, బయట లేని సిగ్నళ్లు లోపలే పుడతాయి. 106కు రెండింతల్లోంచి 92 తీసేస్తే 120. ఆ రెండు స్టేషన్లూ దగ్గర్లో ఉంటే 120 మెగాహెర్ట్జ్ దగ్గర దయ్యం కూర్చుంటుంది.

అటెన్యుయేటర్ నొక్కి చూడండి. నిజమైన సిగ్నల్ 10 డెసిబెల్లు తగ్గేచోట ఈ దయ్యం 30 దాకా తగ్గి మాయమవుతుంది. నొక్కాక మాట స్పష్టమైతే రోగం తెలిసినట్టే. ఎఫ్ఎం బ్యాండ్‌ను అడ్డుకునే నాచ్ ఫిల్టర్ వేయండి, లేదా పొట్టి యాంటెన్నాకే తిరిగి వెళ్లండి. ఈ దశలో సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్లిఫయర్ కొంటే రోగానికి ఆజ్యం పోసినట్టే.

మేడ మీద యాంటెన్నా పెట్టినా లాభం లేదు

కేబుల్‌ను అనుమానించండి. సన్న ఆర్‌జీ-58 తీగ 20 మీటర్లుంటే 450 మెగాహెర్ట్జ్ దగ్గర 6–7 డెసిబెల్లు పోతాయి. కిందికి దిగేది నాలుగో, అయిదో వంతే. ఎల్ఎంఆర్-400 లాంటి లావుదైతే నష్టం రెండు డెసిబెల్లకు లోపే. టీవీ డిష్‌లకు వాడే 75 ఓమ్‌ల ఆర్‌జీ-6 కూడా వినడానికి బాగానే సరిపోతుంది, 50 ఓమ్‌లది కాదని బెంగపడక్కర్లేదు. కేబుల్ అతుకుల్లోకి నీరు దిగకుండా టేపు చుట్టండి. పిడుగు భయం ఉంది కాబట్టి ఎర్తింగ్ తప్పదు.

డిస్కోన్ రకం యాంటెన్నా చూడ్డానికి ఘనంగా ఉంటుంది గానీ గెయిన్ (సిగ్నల్‌ను బలంగా పట్టే గుణం) దాదాపు లేదు. దాని గొప్ప విస్తృతమైన బ్యాండ్‌లోనే ఉంది. ఒక్క దిక్కునే వినాలంటే యాగీ రకం యాంటెన్నా మేలు.

ఇంట్లో హోరు, బయట నిశ్శబ్దం

దీనికి కారణం ఎల్ఈడీ బల్బుల్లోని డ్రైవర్ సర్క్యూట్లు, మొబైల్ ఛార్జర్లు. స్కానర్‌ను బ్యాటరీ మీద నడుపుతూ ఒక్కొక్కటే ప్లగ్ తీసి చూడండి. దొరికిన దొంగను మార్చండి, లేదా దాని తీగకు హోరును అణిచే ఫెర్రైట్ క్లిప్ తగిలించండి.

సిగ్నల్ గీతలు నిండుగా, మాట మాత్రం ముక్కలు

అది డిజిటల్ ప్రసారం కావచ్చు, ఇతరులు వినకుండా రహస్య సంకేతంగా మార్చింది (ఎన్‌క్రిప్ట్ చేసింది) కావచ్చు. డిజిటల్‌కు ఆ రకాన్ని విప్పగల స్కానర్ కావాలి. ఎన్‌క్రిప్షన్‌కు మందు లేదు, వినడం చట్టబద్ధమా అన్నదీ దేశాన్ని బట్టి మారుతుంది. స్కానర్‌కు ఆ రకం తెలిసినా మాట తెగుతుంటే సైమల్‌కాస్ట్ అయి ఉండొచ్చు: ఒకే మాటను ఒకే ఫ్రీక్వెన్సీలో నాలుగైదు టవర్లు పంపితే, అవి కాస్త వెనకాముందుగా చేరి డీకోడర్‌ను తికమకపెడతాయి. ఇక్కడ ఎత్తు పెంచితే ఇంకా చెడుతుంది. స్కానర్‌ను కిందికి దించండి, గోడ చాటుకు జరపండి, పొట్టి యాంటెన్నా వేయండి, ఒక్క టవరే గట్టిగా అందే చోటు దొరికేదాకా.